కిటికీ పక్క వరుస

ఎనుమాముల యార్డులో నేలమీంచి ఏరుకొచ్చిన
మిరప తొడిమెలు.
కడిగి, ఆరబెట్టి, ఉక్కు గిన్నెలో మూత బిగించి
రెండొందల డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచితే
మిగిలింది కషాయంలాంటి నీళ్లు.
గది లైట్లార్పి ఊదా దీపం చూపిస్తే
సీసా నీలంగా వెలిగింది.
ఓదెలు రెండుసార్లు తుమ్మి
"బొగ్గుకు గిసొంటి రంగు నేనెన్నడు సూడలే మేడం" అన్నాడు.

అతను చూసిన బొగ్గు వేరు.
ఇరవై రెండేళ్లు భూపాలపల్లి బాయిలో దిగి
డాక్టర్లు అన్‌ఫిట్ రాసిచ్చాక
హన్మకొండలో మా గాజు సామాను కడుగుతున్నాడు.
పొద్దున ఉమ్మితే ఇప్పటికీ నల్లగానే పడుతుందట.
నేను దాని సైజు చెప్పాను,
వెంట్రుకను నిలువునా పదివేల చీలికలు చేస్తే
ఒక చీలికంత అని.
అతను సైజు వినలేదు.
"గివి పానంల వోతే
మల్ల ఎల్లొస్తయా?"

నా దగ్గర మూడు గ్రాఫులున్నాయి.
జవాబు లేదు.

ఇరవై ఒకటో రోజున నాకూ పెట్టారట,
ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి
పట్టిన మసి,
కంటికింత, అరికాలికింత.
అదీ కర్బనమే.
మోతాదెంతని ఎవరూ అడగలేదు,
దిష్టి ఎంతని మాత్రం అడిగారు.

జీబ్రా చేప గుడ్లు ఆవగింజంత ఉంటాయి.
దాచుకోవడం తెలియని ఒళ్లు వాటివి,
గుండె కొట్టుకోవడం బయటికే కనబడుతుంది.
తొంభై ఆరు గుంటల పళ్లెంలో ఒక్కోదాన్ని వదిలి
నీళ్లలో చుక్క చుక్క నా వెలుగు కలిపి
నిమిషానికి నూట నలభై, నూట నలభై రెండు,
బొటనవేలితో మీట నొక్కుతూ లెక్కపెట్టాను.
రాత్రి కాజీపేట వైపు గూడ్సు కూత వినబడితే
లెక్క తప్పేది. మళ్లీ మొదటినుంచి.
అన్నీ బతికాయి.
నరహరి సారు మిఠాయి తెప్పించారు.

తరవాతి పళ్లెం వేసిన మర్నాడు కరెంటు పోయింది.
ఓదెలు పెట్టె తెరిచి
పళ్లేన్ని కిటికీ పక్క బల్ల మీద పెట్టాడు.
"సీకట్ల బుగులువడ్తయని" అన్నాడు తర్వాత.
సగం మీద హాజరు రిజిస్టరు నీడ.
సగం మీద మే నెల.

నీడలో ఉన్నవి ఈదుతున్నాయి.
ఎండలో ఉన్నవాటికి వెన్ను కొడవలిలా వంగింది,
గుండె చుట్టూ నీరు.
కొన్ని గుంటల్లో లెక్కపెట్టడానికి ఏమీ లేదు.
వేడికేమో అనుకున్నాను.
కానీ చుక్క కలపని ఉత్త నీళ్ల వరుస
అదే కిటికీ పక్కన, అదే ఎండలో
చక్కగా తోకలాడిస్తోంది.

"ఆ వరుస తీసెయ్యమ్మా,
ప్రమాదవశాత్తు జరిగింది లెక్కలోకి రాదు" అన్నారు సారు.
ప్రమాదం కోసమే కదా సార్ వెతుకుతున్నాం,
అనలేదు.
ఈసారి కావాలనే కిటికీ దగ్గర పెట్టాను.
మూడుసార్లు.
మూడుసార్లూ అంతే.
దేన్ని చూసి మురిసి ఫోటోలు తీశామో
ఆ వెలుగే వెలుగు తగిలితే కాటేస్తోంది.

నివేదిక చివరి వాక్యం దగ్గర వారమైంది.
"హాని లేదు" అని రాసి, కొట్టేసి,
"ఈ మోతాదులో, చీకట్లో, ఐదు రోజుల వరకు
హాని కనబడలేదు" అని రాశాను.
కింద కిటికీ వరుస కూడా.
వాక్యం పొడుగైందన్నారు సారు.
సంతకం మాత్రం పెట్టారు, కళ్లద్దాలు తీసి, తుడిచి,
మళ్లీ పెట్టుకుని.

ఓదెలుకు చెప్పాను:
కొన్ని వెళ్లిపోతాయి.
కొన్ని ఎక్కడున్నాయో ఇంకా చూడాలి.
"ఎన్నేండ్లు సూస్తరు?" అని
నవ్వబోయి దగ్గాడు,
పళ్లేనికి అటు తిరిగి దగ్గాడు.

ఇవాళ పొద్దున నేనొచ్చేసరికి
కొత్త పళ్లెం మీద
రుమాలు కప్పి ఉంది.
ఎన్ని ఉతుకులు ఉతికినా
మడతల్లో నలుపు పోనిది.