నూట పదమూడో మాట

రెండువందల మాటల జాబితా తెచ్చినారు వాళ్లు.
కన్ను, ముక్కు, నిప్పు, నీళ్లు,
పేను, బూడిద, చందమామ.
ఏ భాషలోనైనా ఇవి ఉండితీరతాయంట.
నా పని పొడుగాటి కర్ర పట్టుకోవడం.
దాని కొసన ఉడతతోక మాదిరి మైకు.
అది ఫ్రేములో పడకుండా
మనిషి మాటకు గొడుగు పట్టినట్టు పట్టాల.
రోజుకు ఏడొందలు, మధ్యాన్నం కూడు వాళ్లదే.

పూతలపట్టు దాటి, తారురోడ్డు వదిలేసి
చెరుకు తోటల నడుమ ఆగింది కారు.
గానుగ తావ చెంగమ్మవ్వ
పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తా ఉంది.
"సినిమాకా?" అనింది.
"భాష గురించి డాక్యుమెంటరీ అవ్వా" అంటే
"బాసకేమొచ్చె రోగం?" అనింది.
ఎవురికీ జవాబు తోచలేదు.
గాలి శబ్దం జాస్తిగా ఉందని
ఆ ముక్క తర్వాత కోసేసినారు.
ఆ పొద్దు గాలే లేదు. మైకు పట్టినోడిని, నాకు తెలీదా.

"నీళ్లను మీరేమంటారు?" ప్రొఫెసరు అడిగినాడు.
"యా నీళ్లు సామీ?
బాయివా, బోరువా, బియ్యం కడిగినవా,
ఆవు మూతి పెట్టి వదిలేసినవా?"
"ఊరికే నీళ్లు."
"ఊరికే నీళ్లు యాడుంటాయి నాయినా!"
ఆయన గడిలో "నీళ్లు" అని రాసుకున్నాడు
చక్కగా, గుండ్రంగా.

పెనంలో పాకం ముదురుతా ఉండగానే పొద్దు గూకింది.
అవ్వ మొగం సగం ఎరుపు, సగం చీకటి.
కెమెరాకు ఆ వెలుతురు మహా నచ్చింది.
నూట పదమూడు.
"పాము?"
అవ్వ చేతిలో తెడ్డు నిలిచిపోయింది.
"దీపాలు పెట్టే యాళ.
ఆ మాట ఎత్తబాక."
ఆయనకది వినపడలేదో, అర్థం కాలేదో,
చెయ్యి పడగలాగా ఎత్తి ఆడించి
మళ్లీ అడిగినాడు, తమిళంలో కూడా.
అవ్వ తల అడ్డంగా ఊపింది.

పదకొండు సెకన్లు.
నా చెవుల్లో పాకం గుడగుడ,
కీచురాళ్లు, ఒక గాజు ఇంకో గాజుకు తగలడం,
గుక్క పట్టిన ఊపిరి.
అంత నిండు శబ్దం నేనెప్పుడూ పట్టలేదు.
చెప్పుదామనుకున్నాను.
మైకు పట్టినోడు నోరు తెరిస్తే
అదీ పడుతుంది గదా అందులో.
ఆయన గడిలో చిన్న గీత గీసినాడు.
లేదు, అని.

"పోతామవ్వా" అన్నాడు డ్రైవరు.
"వస్తామనరా, తిక్కోడా" అనింది అవ్వ
వేడి బెల్లం ఆకులో చుట్టిస్తా.

తిరుపతిలో వేసినారు సినిమా,
యూనివర్సిటీ ఆడిటోరియంలో, ఏసీలో, బాదంపాలతో.
తెర మీద జిల్లా పటం, పసుపు రంగు,
దాని నడుమ ఎర్ర గీత.
ఈ పక్క ఒక తీరు మాట, ఆ పక్క ఒక తీరంట.
లెక్క చూస్తే ఆ గీత
చెంగమ్మవ్వ పొయ్యి మీంద పోయింది.
అవ్వా, గుడియాత్తం నుంచి వచ్చిన కోడలూ
రోజూ ఆ గీతకు అటూ ఇటూ నిలబడి
పోట్లాడుకుంటారు, ఉప్పు అప్పడుక్కుంటారు.
ఎవురూ ఆపి సంచీలు సోదా చెయ్యరు.

తర్వాత ఒక ఖాళీ గడి, తెరంతా.
బరువైన గొంతు, వెనక వేణువు:
"ఒక ప్రాణి పేరును ఈ అవ్వ మరిచిపోయింది."
హాలంతా "ప్చ్" అనింది.
సిగ్గుచేటు, నాకూ నాలిక చివరిదాకా వచ్చింది ఆ "ప్చ్".

చివరి బస్సు దిగేసరికి పన్నెండు.
వెనక, దూరంగా, కొండ దీపాలు ఆకాశం అంచుకు కుట్టినట్టు.
కయ్యగట్టు మీద సెల్‌ఫోను వెలుతురులో నడస్తా ఉంటే
ఎండు చెరుకాకు కదిలింది.
కాలు తనంతట తానే ఆగింది.
నోరు కూడా.
"పురుగు" అన్నాను,
దానికి వినపడనంత మెల్లగా.
ఎవురు నేర్పినారో, ఎప్పుడో, గుర్తులేదు.

అది గట్టు దిగిపోయిందాకా
నేను కదల్లేదు.
పళ్ల వెనక
ఆ నూట పదమూడోది కూడా.