ఉప్పు లేదు

మా ఊరి పేరు అవుయుయిత్తుక్.
ఎన్నటికీ కరగనిది, అని.
కో-ఆప్ కొట్టు బోర్డు మీద ఉంది,
అమ్మ బీపీ మందుల చీటీ మీద కూడా.

ఉత్తరపు కొసన, సముద్రం మీద
వేల ఏళ్లుగా పరుచుకున్న మంచు బల్ల
జూలై నెలాఖరున రెండు రోజుల్లో విరిగింది.
ఇక్కడ ఎవరికీ చప్పుడు వినపడలేదు.
ఉపగ్రహం చూసింది.
మాకు తెలిసేసరికి వారమైంది.

ఆ బల్ల వెనక ఒక మంచినీటి చెరువుండేది,
ఉప్పునీళ్ల మీద మీగడ కట్టినట్టు.
కూనూ మామ కుర్రతనంలో ఒకసారి
అక్కడ కుక్కలబండి ఆపి
కెటిల్ ముంచి టీ కాచుకున్నాడట.
"ఎలా ఉంది మామా?"
"ఉప్పు లేదు."
అంతే. ఇంకో ముక్క రాలేదెప్పుడూ.

గట్టు తెగింది కదా,
ఆ నీళ్లు ఒక్క పూటలో సముద్రంలో కలిశాయి.
ఆ చెరువుకింకా పేరైనా పెట్టలేదు.

సోల్వేగ్ అనే పిల్ల కొలతల పెట్టె కూడా దాంతోపాటే పోయింది.
మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.
అమ్మ సీల్ మాంసం పులుసు పోసి
"ఏముందమ్మా అందులో?" అంది.
"పన్నెండేళ్ల చలి."

కూనూ మామ ఇనపమొన కర్రతో
పొడిచి చూసిగానీ అడుగేసేవాడు కాదు.
ఒక్క పోటుకే దిగబడితే వెనక్కి,
మూడు పోట్లకీ ఆగితే ముందుకి.
అరవై ఏళ్లు ఆ లెక్క తప్పలేదు.
అక్టోబరులో తప్పింది.
స్నోమొబైల్ దొరకలేదు.
కర్ర దొరికింది, మంచు మీద, పడుకోబెట్టినట్టు.

జూన్‌లో చెల్లెలికి కొడుకు పుట్టాడు.
పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకిస్తాం మేము.
పేరు వెంట మనిషీ వస్తాడు.
అందుకే అమ్మ ఆ పసిగుడ్డుని
"అన్నయ్యా" అని పిలుస్తుంది.
"ఏం అన్నయ్యా, కర్ర మర్చిపోయావా" అని తిడుతుంది,
తిడుతూనే పాలపీక తుడుస్తుంది.
నేనింకా మామా అనలేకపోతున్నాను.
నాలిక తిరగడం లేదు.

ఆ మరుసటి ఆగస్టులో
నీలంగా ఒక పెద్ద గడ్డ
మా అఖాతంలోకి కొట్టుకొచ్చింది.
ఆ బల్లదో కాదో ఎవరూ చెప్పలేరు.
పడవేసుకెళ్లి ఒక పెచ్చు కొట్టుకొచ్చాను.
గిన్నెలో కరుగుతూ
ఎప్పటిదో గాలి చిటచిటమంటూ బయటికొచ్చింది.

అమ్మ చిటికెన వేలు ముంచి
వాడి పెదాలకి రాసింది.
వాడు మూతి ముడిచాడు,
కళ్లు చికిలించాడు, అచ్చం అలాగే.

గిన్నె పట్టుకుని వంగాను.
"ఎలా ఉంది," అన్నాను,
"మామా?"