రెండో రకం

చీమకుర్తిలో, రామతీర్థం రోడ్డు మీద మా పాలిషింగ్ షెడ్డు.
పద్దెనిమిదేళ్లుగా నా పని ఒకటే:
రాయి ముందు నిలబడి కాదనడం.

నీళ్లు చల్లుతాను. రాయి
అన్నిచోట్లా ఒక్కసారే ఆరదు.
పగులున్న చోట తడి కాసేపు ఆగుద్ది,
చెప్పకూడని మాట పెదవి దాకా వచ్చి ఆగినట్టు.
అక్కడ ఎర్ర చాక్ గీత. రెండో రకం.
సేటు మొహం మాడుద్ది. నేనేం చేసేది,
పగులు నాది కాదు, చూపు నాది.

అట్టాంటి నా దగ్గరికి
జిరాక్స్ షాపు జోయెల్ అట్టపెట్టె తెచ్చాడు,
అన్నాల వేళ, పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు.
"మామా, అసలుదో నకిలీదో చెప్పు.
తిప్పి పంపడానికి రేపటిదాకే గడువు."

లోపల జానెడున్నర మనిషి.
కంప్యూటర్ ఆటలో ఆఖరి కోటలో కూచునే విలన్ అంట.
పేరు చెప్పాడు, నా నోటికి పట్టలేదు.
నూట నలభైసార్లు వీడి చేతిలో చచ్చాడంట జోయెల్.
మరి వీణ్ణెందుకు కొన్నావురా అంటే
"గెలిచేవాడి బొమ్మ అందరి దగ్గరా ఉంటది మామా."
నాలుగు వేల రెండొందలు.
కాగితానికి రెండు రూపాయల లెక్కన
ఎన్ని ఆధార్ కార్డులో మీరే వేసుకోండి.

చేతులు కడుక్కున్నా.
రాతి బురద గోళ్లలోంచి పోదు.
అయినా కడుక్కున్నా.

ముందు బరువు.
నకిలీ అయితే బోలుగా తేలుద్ది.
వీడికి కాళ్లలో బరువుంది, నిలబెడితే నిలబడ్డాడు.
మోకాలు వంచా: టిక్, టిక్, రెండు మెట్లు.
ఎడమ భుజం మాత్రం వదులు.
కత్తి పైకెత్తిస్తే నిదానంగా దించేసుకుంటున్నాడు
పొద్దుట్నించీ బండలు మోసినోడిలా.
చంక కింద అచ్చు అతుకు గోరుకి తగిలింది.
కోపం బాగా చెక్కారు, అబద్ధమెందుకు,
కనుబొమల మధ్య మడత, దవడ కింద నరం.
కానీ కుడికంటి రంగు రవ్వంత జారింది.
ఎదుటోణ్ణి చంపేలా చూడాల్సినోడు
పక్కింటి వైపు చూస్తున్నాడు.

వీపు మీద వేలాడే నల్ల శాలువా,
దాని నిండా బంగారు చుక్కలు.
పిల్లోడు నా దగ్గరికే ఎందుకొచ్చాడో అప్పుడర్థమైంది.
"మన గెలాక్సీ రాయే కదా మామా?"
కాదురా. చూడు,
ఇవన్నీ ఎడం ఎడంగా బడి ప్రార్థనలో నిలబడ్డాయి.
మన రాయిలో చుక్కలకి వరస ఉండదు.
ఒకచోట సంత,
ఒకచోట ఎవరూ లేని చేను.
ఇది మిషన్ చల్లింది.

జోయెల్ మొహం ఆరిపోతోంది,
నీళ్లు చల్లిన పలకలాగే, ఒక్కోచోట ఒక్కో వేగాన.

ట్యూబులైటు కిందకి తీసుకుపోయి
ఏటవాలుగా పట్టా.
మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట
రంగులో ఏదో మచ్చ.
కళ్లజోడు పైకి తోసి చూస్తే
సన్నటి వంపులు, ఒకదాన్నొకటి చుట్టుకుని.
బొటనవేలు.
రంగు ఆరకముందే ఎవరో పట్టుకున్నారు.
చిన్న వేలు.
ఏ దేశమో, ఏ రాత్రి షిఫ్టో,
తర్వాతి బొమ్మ బెల్టు మీద వచ్చేస్తుంటే
తొందరపడ్డ వేలు.

నా చేతికింద ఎన్ని వేల పలకలు పోయినయ్యో,
ఓడలెక్కి ఎవరెవరి వంటింటి గట్లయినయ్యో.
ఒక్కదాని మీదా నేను లేను.
గుడ్డతో తుడిచి పంపడమే నా పనిలో ఆఖరి పని.
ఇప్పుడు నా బొటనవేలికి గీతలే లేవు,
రేషన్ మిషన్ రెండేళ్లుగా నన్ను ఒప్పుకోవడం లేదు.

"ఏంది మామా, రెండో రకమేనా?"
"అసలుదే. కానీ రెండో రకం."
చాక్ జేబులోనే ఉంది.
"భుజం, కన్ను, అతుకు. ఈ మూడూ చెప్పి
ఎనిమిదొందలు తగ్గించమను.
మెడ సంగతి చెప్పబాక."
"తగ్గించకపోతే తిప్పి పంపనా?"
"పంపబాక."

ఎందుకన్నాడు.
రెండున్నర సైరన్ మోగింది.
గుడ్డ భుజాన వేసుకుని నేను పలకల దగ్గరికి పోతుంటే
వాడింకా ట్యూబులైటు కిందే,
విలన్ని బోర్లా తిప్పి
మెడ మీద వెతుకుతున్నాడు.