పేరు రాయని పొట్లం

శనారం పొద్దుగాల
షట్టర్ సగం లేపంగనే
మా మెడికల్ షాపు మెట్ల మీద కూసుంటది ఈదమ్మ.
గోలీలు అడగదు.
గోలీలు వేసిచ్చే ఖాళీ కవర్లు అడుగుతది.
ఇరవై కవర్లు, ఐదు రూపాయలు.
అచ్చంపేటల ఇంతకన్న చిన్న బేరం లేదు.

గంపల స్టీలు డబ్బాలు.
వట్టి మూకుట్ల చిటపటలాడించిన ఓమ,
రోట్ల దంచి, మనుమని పాత లుంగీల
జల్లెడ పట్టిన శొంఠి.
జిలకర, సోంపు అంగట్ల కొన్నయి.
కరక్కాయ మాత్రం మన్ననూరు దాటినంక
అడివిల తానే ఏరుకొచ్చిందట.
"పెచ్చే మందు, గింజ కాదు" అంటది,
రేపు నాకేదో పరీక్ష ఉన్నట్టు.

తక్కెడ లేదు. మూడు వేళ్లు.
ఒకసారి గ్రాములల్ల చెప్పమన్న.
"ఇంత" అన్నది.
ఆ ఇంత ఎంతనో
నేను సదివిన డీ ఫార్మసీల
ఏ పేజీల లేదు.

ఆమెకు అచ్చరం రాదు, పేర్లు నేనే రాయాలె.
కవరు మీది సూర్యుడు, చంద్రుడు మాత్రం
నాకన్న ఆమెకే బాగ ఎరుక.

"కుర్మయ్య అని రాయి.
మార్కెట్ల పల్లికాయ బస్తాలు మోస్తడు.
పొద్దంత చాయ్ పోసి ఆకలిని చంపుతడు,
రాత్రి బువ్వ పెడితే అది తిరగబడతది.
ఆనికి శొంఠి తక్కువ.
జహీర్, ఆటో.
దావత్ లేని శుక్రారం లేదు, ఓమ దండిగ ఏసిన.
బుజ్జిబాయి, హాస్టల్ పిల్ల.
కడుపునొప్పి కాదు కొడుకా,
తండా యాదికొస్తది ఆ పిల్లకు.
అయినా రాయి. బెల్లం కలిపిన."

సలేశ్వరం సారు పేరుకొచ్చేసరికి
గొంతు తగ్గించింది.
"పెండ్లాం మాట్లాడక నెలాయె.
రెండు పూటల కాడ గీత గియ్యి.
మరిగే నీళ్లల్ల ఏసి మూత పెట్టుమను,
లేకుంటే మందంత
ఇంటోళ్ల ముక్కులకు పోతది."

గట్ల పేర్లు రాసుకుంట రాసుకుంట
ఊరి కడుపుల ఏమున్నదో కొంత తెలిసింది.
పురుషోత్తం సేటు గల్ల కాడ కూసుండి
గ్యాస్ గోలీల పట్టీలు లెక్కపెడుతుంటడు,
ఈదమ్మను చూస్తే ఉత్తగనే దగ్గుతడు.

పోయిన వారం
లెక్కల నాలుగు వందలు తక్కువొచ్చినయి.
సేటు నన్ను చూడలే,
నా అంగీ జేబును చూసిండు.
ఒక్క మాట అనలే. అంటే అరుగుతుండె.
తెల్లారి ఆ రెండు నోట్లు
బిల్లు బుక్కు అట్ట సందుల దొరికినయి.
"దొరికినయిలే" అన్నడు,
ఫ్యాను స్పీడు పెంచిండు.
ఆ రాత్రి నుంచి జొన్నరొట్టె
గొంతు కింద బండ లెక్క నిలబడ్డది.
మా దుకాన్ల గోలీలే రెండు మింగిన.
బండ కదల్లే.

ఇయ్యాల పేర్లన్ని రాసినంక
ఒక పొట్లం మిగిలింది.
"ఇదెవరికి?" అన్న.
ఈదమ్మ గంప నెత్తికెత్తుకుంటున్నది, చెయ్యి ఆసర ఇచ్చిన.
"పెన్ను మూసుకో" అన్నది.

చాయ్ బండి కాడ
గ్లాసుడు వేడినీళ్లు అడిగి తెచ్చిన.
పొడి కొంచెం సేపు తేలింది,
మునగాల్నా వద్దా అన్నట్టు తిరిగింది,
ఆఖరికి నీళ్లు తుమ్మబంక రంగైనయి.
వగరు నాలుకను గుంజి పట్టింది.
ఓమ ముక్కులకెక్కింది.
శొంఠి మాత్రం తొందరపడలే,
పూడిక తీయను బాయిల దిగే మనిషి లెక్క
ఒక్కో మెట్టు చూసుకుంట దిగింది.

సేటు ముందట్నే,
చీటీలు పట్టుకుని నిలబడ్డోళ్ల ముందట్నే
ఇంత పొడుగు తేన్పు.
ఎవరో కిసుక్కుమన్నరు.
సేటు కూడ నవ్వబోయి
ఛాతీ నడుమ చెయ్యి పెట్టుకుని ఆగిపోయిండు,
నా గ్లాసు దిక్కు చూసిండు.

అడుగున
ఇంకా ఇంత ఉన్నది.