దారంతో తీసిన కొలత

తుక్కు కాటా మీద పదమూడు కిలోలు.
రామగిరి పాతఇనుప కొట్ల
జాంగీర్ దాన్ని దించుతుంటే
తెగిన బ్రేకు తీగ నా అంగి గుండీకి తట్టుకుంది.
ఇడిపించుకోవచ్చు. ఇడిపించుకోలే.

గుట్టలెక్కే సైకిలట.
ముంగట మూడు పండ్ల చక్రాలు, ఎనక ఆరు.
తొంభైల నాటిది. సాగర్ క్వార్టర్లల్ల
ఏ ఇంజనీరు కొడుకో తొక్కి తొక్కి
పెద్దగై మరిచిపోయి ఉంటడు.

నాలుగు నెలలు.
బోల్టుకు బోల్టు బతిమాలిన.
సీటు కడ్డీ ఫ్రేములనే ఏర్లు తన్నింది;
పగలు మసిలే నీళ్లు, రాత్రి గ్యాసునూనె,
పదిహేనో నాడు కిర్రుమన్నది.
పిల్లి పడ్డదనుకొని
మా ఇంటామె వంటింట్లకెల్లి ఉరికొచ్చింది.

తుప్పు గీకితే వంకాయ రంగు,
దాని కింద ఎర్ర ప్రైమరు,
దాని కింద
ముప్పై ఏండ్లు ఎవరూ చూడని ఉక్కు,
మొగులు పట్టిన పొద్దు లెక్క.

చక్రం వంకర తీసుడు కండ్ల పని కాదు, చెవుల పని.
ముప్పై ఆరు పుల్లలు మీటుకుంట పోవాలె.
మెత్తగ పలికేదాన్ని బిగిస్త,
గట్టిగ అరిచేదాన్ని జర వదులు జేస్త.

అప్పుడొచ్చిండు ఈదయ్య సారు.
మర్రిగూడ దిక్కు బడిల లెక్కలు చెప్తడు.
బోరునీళ్లు తాగి పెరిగిన బొక్కలు:
మోకాలు మడవదు, మెడ తిరగదు,
నడుమేమో
ఎన్నడో జారిపడ్డ రూపాయిని
ఇంకా ఎతుకుతున్నట్టుంటది.

"దీని మీద ఒక్కసారి" అన్నడు.
పై గొట్టం దాటి కాలు లేవలే.
ఇద్దరం పట్టుకున్నం. లేవలే.
గొట్టం కోసి కిందికి దించుదామని
నేను రంపం అందుకున్న.
ఆయన నా మణికట్టు పట్టుకున్నడు:
"వద్దు. దాని తప్పేముంది?"

టేపు పక్కకు పెట్టిన. అది నిటారు మనుషులకు పుట్టింది.
పూలు గుచ్చే దారం తెచ్చి
వంపు వంపు కాడ ఒక ముడి ఏసిన.
మెడ నుంచి నడుము దాంక ఏడు ముళ్లు.
గోడకు ఆనుకొమ్మంటే
గోడకూ ఆయనకూ నడుమ జానెడు ఖాళీ.
ఆ ఖాళీని సుత కొలిచిన.

"డాక్టర్లు ఫొటోలు తీసిండ్రు,
పేపరోళ్లు తీసిండ్రు" అన్నడు సారు,
"కొలత ఎవ్వరు తియ్యలే.
మా ఊరి దర్జీ సుత అందాజ మీదనే కుడ్తడు."

గొట్టాలు అతికే ఇద్దె నాకిచ్చినాయన ఖాదర్ ఉస్తాద్.
చిల్లుపడ్డ బిందెలకు మాట్లు ఏసేటోడు.
కరిగిన ఇత్తడి సందులకు దానంతటదే గుంజుకపోవాలె,
"నువ్వు తోసినవంటే అది అతుకు కాదు, మరక" అనేటోడు.
ఆయన, నేను
ఎన్ని బిందెలు కారకుండ చేసినమో.
ఏ నీళ్ల కోసం చేసినమో
ఐదో అతుకు కాడ యాదికొచ్చింది.
మంట ఆర్పిన.
బయట నిలబడి ఒక బీడీ కాల్చి
మళ్ల ముట్టించిన.

కొత్త ఫ్రేముకు పై గొట్టమే లేదు.
కొడవలి లెక్క కిందికి వంగి పైకి లేచే ఒక్కటే గొట్టం.
చక్రాలు పాతయే, గేర్లు పాతయే,
రంగు ఆ వంకాయదే.
"ఇంత వంగింది బరువు మోస్తదా?"
జాంగీర్ అడిగిండు.
సారును అడుగు అన్న.

పాత ఫ్రేము మేకుకు ఏలాడుతుంది, కాళ్లు లేక.
ఇద్దరు బేరం చేసిండ్రు. ఇయ్యలే.

తెల్లారగట్ల ఐదింటికి
క్లాక్‌టవర్ కాడ కుక్కలు తప్ప ఎవరూ లేరు.
తిరగని మెడకు బదులు రెండద్దాలు బిగించిన.
లతీఫ్‌సాబ్ గుట్ట దిక్కు పోయిండు.
నా చెయ్యిల చాయ్ సల్లారింది.
ఇంకోటి చెప్పిన. అదీ సల్లారింది.

వచ్చిండు. అంగి తడిసి వీపుకు అతుక్కుంది.
దిగలే.
అద్దంల నన్ను చూసుకుంట
"ఎనక బ్రేకు కూత పెడ్తుంది" అన్నడు.