అరవై నాలుగు

గుణుపురం పత్తి యార్డుకి రెండు గేట్లు.
తూర్పు గేటు దగ్గర నెట్‌వర్కు ఉంటుంది.
పడమటి గేటు దగ్గర,
వంశధార మీంచి గాలి మళ్లితేనే.

అందుకే ఒక్కో మెషీనుకీ ముందే వంద అంకెలు పంచిపెట్టాను.
తూర్పుకి ఒకటి నుంచి వంద,
పడమటికి నూట ఒకటి నుంచి రెండు వందలు.
ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు,
ఒకే అంకె ఇద్దరికి పడదు.
రాత్రి పదకొండింటికి ఆ కోడు ముగించి
తృప్తిగా మజ్జిగన్నం తిన్నాను.

తెల్లారగట్ల మంచులో
పత్తి మీద గోనెలు కప్పుకుని
ఇస్సాకు గొమాంగ్ బండి పడమటి గేటుకొచ్చింది.
ఎడ్ల ఊపిరి తప్ప యార్డులో ఇంకో అలికిడి లేదు.
చీటీ మీద నూట ఒకటి.

ఎనిమిదిన్నరకి తూర్పు గేట్లో లారీ.
డ్రైవరు పళ్లు తోముకుంటూనే మీట నొక్కాడు.
చీటీ మీద ఒకటి.

కాటా దగ్గర గుమాస్తా పాణిగ్రాహి
అంకెల వరసనే పిలుస్తాడు.
అతని తప్పేం లేదు.

మూడింటికి ఇస్సాకు నా బల్ల ముందు నిలబడ్డాడు.
పిడికిట్లో చీటీ మెత్తబడిపోయింది.
"నానే గదమ్మా ముందొచ్చినాను?"
ఆ అంకె ఎవరు ముందో చెప్పదని,
ఎవరికి వారు వేరని మాత్రమే చెబుతుందని
ఒడియాలో సగం తెలుగులో సగం చెప్పాను.
కాసేపు చీటీ కేసి చూసి
"అలగైతే దీన్ని నెంబరనకండమ్మా, పేరనండి.
పేరు నాకుంది" అన్నాడు.

ఆ రాత్రి మజ్జిగన్నం దిగలేదు.

గడియారాలు చూసి తేల్చుదామా అంటే
తూర్పుది నాలుగు నిమిషాలు ముందు,
పడమటిది ఎంత వెనకో దానికే తెలీదు.
చివరికి ఒకటే లెక్క, ఒకటే చోట పెట్టాను.
రెండు గేట్లూ దాన్నే అడగాలి,
జవాబొచ్చేదాకా ఆగాలి.
ఇప్పుడు రెండు గేట్ల బయటా బళ్లే.
నన్ను తిట్టే తిట్లు కూడా
వరస తప్పకుండా వస్తున్నాయి.

మొన్న తుఫాను గాలికి కరెంటు పోయింది.
లెక్క అరవై నాలుగుని ఇచ్చేసింది,
చీటీ మాత్రం అచ్చు కాలేదు.
ఇచ్చిన అంకెని మళ్లీ ఇంకొకరికి ఇవ్వకూడదు.
ఆ నియమం పెట్టింది నేనే.
పాణిగ్రాహి గొంతు చించుకున్నాడు,
"అరవై నాలుగు! చౌషఠి! అరవై నాలుగూ!"

ఎవరూ రాలేదు.
అరవై అయిదు చేత్తో పట్టుకుని
ఇస్సాకు లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.
వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు,
ఎవరైనా ఇంకా దార్లో ఉన్నారేమోనని.