పళ్ళ అంచు కాగితం

పదమూడేళ్ళు జీడిగింజ కొట్టిన వేలిని
నా ఫోను గుర్తుపట్టదు.
నంబరు నొక్కి లోపలికి వెళ్తాను:
ఒకటి, ఆరు, సున్నా, ఏడు.
జేమ్స్‌టౌను ఒడ్డున
మూడు ఓడలు ఆగిన సంవత్సరం.

కాశీబుగ్గలో మా అద్దెవాటా మేడమీద
నీళ్ళ ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య
ఒక్క మూరెడు చోట సిగ్నలుంటుంది.
ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గంజి తాగి, అక్కడ కూర్చుంటే
వర్జీనియా వస్తుంది.
గూడ్సుబండి వెళ్తే ఆగిపోతుంది,
మళ్ళీ వస్తుంది.

మాస్టారిది ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు.
కింద అక్షరాలు పరిగెడతాయి.
ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి
ఒక్క పాఠానికి మూడు రాత్రులు.
ఈ పేపరే ఎందుకు తీసుకున్నావంటే
గొప్పగా చెప్పడానికేం లేదు,
మిగతావి నిండిపోయాయి.

మొదటివారం ఒక పటం చూపించాడు.
తీరం వెంట పేర్లు, లోపలంతా తెలుపు.
పటంలో తెలుపంటే నాకు నమ్మకం లేదు.
మందస కొండమీద జీడిమొక్కలు పాతినప్పుడు
ఎవరో గీసిన పటమూ అలాగే ఉండేదట,
సవరల చోడిచేను ఉన్నచోట తెల్లగా.

జీడి కూడా ఆ వైపు నుంచే ఓడెక్కి వచ్చిందని
మర్నాడు గ్రేడింగ్ బల్ల దగ్గర దమయంతికి చెప్పాను.
గుండు ఇటు, బద్ద అటు తోస్తూనే
"అలగే ఓడెక్కి ఎల్లిపోమను" అంది.

నాలుగోవారం ఆ మాట వచ్చింది.
ఇండెంచరు.
నిఘంటువులో చూస్తే జానెడు పొడుగు సంస్కృతం,
నోరు తిరగలేదు.
ఓడ కిరాయి ముందిచ్చిన దొరకి
ఏడేళ్ళు పొగాకు తోటలో చాకిరీ.
తిండి, గుడ్డ, పడుకోను పాక.
పారిపోయి దొరికితే ఏళ్ళు పెరుగుతాయి.
ఏడో ఏడు చూడకుండానే పోయినవాళ్ళు ఎందరో.
మాస్టారు ఇంకా వివరిస్తూనే ఉన్నాడు,
నాకు మాట దొరికేసింది.
కంబారి.

మా తాత దాలయ్య కంబారి.
పెళ్ళికి తెచ్చిన నూట ఇరవై రూపాయలకి
హరిపురం దగ్గర ఒక పెద్దింట్లో
ఏడాదని చేరి పదకొండేళ్ళు.
ఎద్దులకన్నా ముందు లేచి
ఎద్దులు తిన్నాక తిని.
అసలెంత తీరిందో వడ్డీ ఎంత మిగిలిందో
ఆయనకెప్పుడూ తెలీదు.
ఆ ఎద్దుల సుడులన్నీ తెలుసు.

ఆ పాఠంలోనే ఇంకొకటి.
ఆ ఒప్పందాన్ని ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి
మధ్యకి కోసేవారట,
తిన్నగా కాదు, రంపం పళ్ళలా.
దొరకో ముక్క, కూలికో ముక్క.
తగువొస్తే రెండూ పక్కపక్కన పెట్టాలి.
పన్ను పంటికి అతికితే నిజం.
ఆ పళ్ళ వల్లే దానికి ఆ పేరు.

ఫోను బోర్లించేశాను.
ట్యాంకు చల్లగా వీపుకి తగులుతోంది.
అంత పాడుకాలంలో, అంత పాడు ఒప్పందంలో
కూలివాడి మూటలో కూడా ఒక ముక్క ఉండేదా!
మా తాత వేలిముద్ర వేసిన కాగితానికి
అంచులు తిన్నగా ఉండేవి.
అది ఒక్కటే.
పెద్దింటి ఇనప్పెట్టెలో.

ఐదోవారం ఇంకో ఓడ వచ్చింది.
అందులోంచి గొలుసులతో దింపినవాళ్ళకి
ఏడేళ్ళ లెక్క లేదు, ముక్కా లేదు, పేరూ లేదు.
ఆ పాఠాన్ని మాత్రం వెనక్కి తిప్పలేకపోయాను.

వ్యాసం రాశాను, ఆరువందల మాటలు,
దారిపొడుగునా తప్పులు.
తాత గురించి నాలుగు వరుసలు పెట్టాను.
మార్కులు పర్వాలేదు.
ఆ నాలుగు వరుసల పక్కన మాత్రం ఎర్రగా ఒక ప్రశ్న:
దీనికి ఆధారమేమిటి?

బొటనవేలు వెలుతురులో పెట్టి చూసుకున్నాను.
రేషను మిషను కూడా దీన్ని ముమ్మారు కాదంటుంది.
గీతలన్నీ జీడిసొన తినేసింది.

"పాసైపోతే ఏటిస్తారే?" దమయంతి అడిగింది.
"కాయితం."
"ఎవులికాడుంటాది?"
"నాకాడే."

అది కాసేపు చెయ్యి ఆపింది.
మేస్త్రీ ఇటు చూశాడు.
గుండు ఇటు.
బద్ద అటు.